సార్ కోసం తెరిచి ఉంచిన తలుపు

దోహాలోని నజ్మాలో నేనుండే వీధి మలుపులో ఈమధ్య ఒక కొరియా హోటల్ పెట్టారు. డ్యూటీ దిగి వస్తుంటే కాగుతున్న నువ్వుల నూనె వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను రోడ్డు దాటి అవతలి పక్కకు మారిపోతాను. వాసనకు భయపడేవాళ్లు కూడా ఉంటారా అని నా రూమ్మేటు నవ్వుతుంది. ఎందుకుండరు, నేనున్నాను కదా!

లుసైల్ దాటాక ఇసకలో ఒక ఫ్లయింగ్ స్కూల్ ఉండేది. రోడ్లు వేసే కంపెనీలో పనికని కొరియా నుంచి వచ్చి, తోటివాళ్లంతా తిరిగి వెళ్లిపోయినా ఇక్కడే ఉండిపోయిన భార్యాభర్తలు, దాచుకున్నదంతా పోసి రెండు సీట్ల పాత విమానం కొని పెట్టిన స్కూలది. జగిత్యాల నుంచి వచ్చిన మా బాపు అక్కడ డ్రైవరుగా చేరి, విమానం నేర్పే ఆ కొరియా సార్ పక్కన నిలబడి నిలబడి మెకానిక్కు అయ్యాడు. గల్ఫంతా దుబాయే అనుకునే మా మేనత్త మాత్రం ఊళ్లో "మా తమ్ముడు దుబాయ్‌ల ఇమానాలు నడుపుతుండు" అని వాడంతా చెప్పుకునేది. బాపు ఎన్నడూ కాదనలేదు.

శుక్రవారం వస్తే నేనూ బాపు వెంట పోయేదాన్ని. ఎండాకాలం కాళ్లు బొబ్బలెక్కే ఇసక, చలికాలం పొద్దున విమానం రెక్కల మీంచి బొట్లు బొట్లుగా కారే మంచు, పెట్రోలు వాసన కొట్టే షెడ్డులో నేను సుద్దతో గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్లు, అమ్మ కట్టిచ్చిన సర్వపిండిని కళ్లు మూసుకుని నమిలే కొరియా మేడమ్, బదులుగా ఆమె నా చేతిలో పెట్టే ఉప్పుప్పగా ఉండే సముద్రపు నాచు అప్పడాలు, ఇదీ నా బాల్యం.

తర్వాత సార్ జబ్బుచేసి పోయాడు. మేడమ్ ఆయన రాసిన బోర్డు తుడవలేదు, ఆయన హెడ్‌ఫోన్లు కుడి సీటు మీంచి తీయనివ్వలేదు. ఎవరైనా శిష్యుడు ఒంటరిగా ఎగిరిన రోజున కూడా రేడియోలో "ఇద్దరూ జాగ్రత్త" అనేది. మొదటిసారి విన్నప్పుడు విమానంలో రెండోవాళ్లెవరా అని తలెత్తి వెతికాను. తర్వాత అలవాటైపోయింది.

ఆ రోజుల్లోనే ప్రపంచకప్ పనులు మొదలై, ప్రతి శుక్రవారానికీ ఆకాశంలో ఒక క్రేన్ పెరిగేది, నిన్నటి ఇసకదిబ్బ ఇవాళ ఉండేది కాదు. మా రన్‌వే మీంచి రోడ్డు పోతుందన్నారు. ఎక్కడో దూరంగా వేరే జాగా ఇస్తామన్నారు. పోవడమా, మూసెయ్యడమా, మేడమ్ చెప్పాలి. మూస్తే బాపు వీసా పోతుంది, మేం ముగ్గురం ఇంటికి పోవాలి. నేను దోహాలో పుట్టినదాన్ని, జగిత్యాల నాకు సెలవుల ఊరు. మేడమ్ మాత్రం తన వచ్చీరాని హిందీలో, "సర్ కో పూఛేగా" అంది. సార్‌నే అడుగుతుందట!

సార్ పోయిన తిథినాడు పొద్దుగూకే వేళ మేడమ్ ఆఫీసు గదిలో చాప పరిచి, అన్నం, వేయించిన చేప, నువ్వుల నూనెలో కాల్చిన అట్లు, పైభాగం కోసిన పండ్లు పెట్టి, అన్నం మధ్యలో చెంచా నిలువుగా గుచ్చి, అగరుబత్తి వెలిగించింది. "పెద్దలకు పెట్టుకునే మన పెత్రమాస లెక్కనే బిడ్డా" అన్నాడు బాపు. ఆత్మ లోపలికి రావాలని గది ముందు తలుపు బార్లా తీసి పెట్టి, ఆయన తినేంతసేపు మేం వెనక షెడ్డులో నిలబడాలని మేడమ్ మాకు చెప్పింది.

నిలబడితే నేను నేనెందుకవుతాను? ఆడుకుంటూ ముందు వైపుకు పోయాను. ఏసీ నడుస్తోంది, తలుపు తెరిచి ఉంది. "తలుపెయ్యి, ఏసీ పోతది!" అన్న అమ్మ కేకలతో పెరిగిన చెయ్యి కదా, ఆలోచన లేకుండానే వేసేసింది. వేస్తుంటే తలుపు బరువుగా, అవతల ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది. గాలి అనుకున్నాను. నేను షెడ్డులోకి వచ్చాక బాపు నీళ్ల సీసా కోసమని కారు దగ్గరికి వెళ్లొచ్చాడు. అప్పుడు మేడమ్ వాళ్ల ఆచారం ప్రకారం మూడుసార్లు దగ్గి షెడ్డు వైపు నుంచి లోపలికి వెళ్లింది, వెనకే మేం.

మూసిన తలుపు ముందు ఆమె చాలాసేపు నిలబడింది. ఏడవలేదు.

"సర్ బోలా," అంది, "ఖలాస్."

సార్ తలుపు మూసి, ఇక చాలించమని జవాబు చెప్పాడనుకుంది. నేను నోరు విప్పితే చాలు, స్కూలు నిలిచేది. తిడతారని భయపడి బాపు వెనక దాక్కున్నాను. మర్నాడే మేడమ్ కాగితాల మీద సంతకం పెట్టింది. నెల తిరక్కుండా మేం జగిత్యాలలో ఉన్నాం.

ఉద్యోగానికని మళ్లీ దోహా వచ్చాక, మొన్న శుక్రవారం అటు వెళ్లాను. ఎనిమిది వరసల రోడ్డు, దీపస్తంభాలు, దూరంగా స్టేడియం. షెడ్డు ఎక్కడుండేదో ఆనవాలు కూడా లేదు. టాక్సీ డ్రైవరుకు అక్కడ విమానం ఉండేదని చెబితే నన్ను ఎగాదిగా చూశాడు. ఏడుపు ఆగక అక్కణ్నుంచే బాపుకు ఫోన్ చేసి, ఆ తలుపు వేసింది నేనేనని ఇన్నేళ్లకు చెప్పేశాను.

బాపు గొంతు తగ్గించాడు.

"నాకెరుకనే బిడ్డా. నువ్వు ఏసుడు నేను చూసిన. నీళ్లకని పోయి మల్ల తీసిన. పడకుండ రాయి సుత అడ్డం పెట్టిన."

"మరి?"

"మేడమ్ పొయ్యేసరికి ఏసే ఉన్నది. రాయి లోపట చాప మీదున్నది."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, భయపడతావని అన్నాడు. తప్పు నాదేనని ఏడ్చిన ఆ ఏళ్లే నయమనిపించింది.