హస్తవాసి చెయ్యి పెట్టిన చోటు

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను హస్తవాసే. మంచి డాక్టరు చెయ్యి పడితే చాలు, జబ్బు సగం తగ్గిపోతుందంటారే, అలాగే ఇతని చెయ్యి పడితే మూలుగుతున్న డేటాబేస్ లేచి కూర్చుంటుందని ఎప్పుడో ఎవరో సరదాకి అన్నారు. ఆ సరదా కాస్తా ఖాయమైపోయింది. కొత్తగా చేరినవాళ్ళు కొందరు అదే అసలు పేరనుకుని మెయిల్లో "హస్తవాసి గారికి" అని రాసేవాళ్ళు. అతను దిద్దేవాడు కాదు. పైకి "ఊరుకోండి" అంటాడు గానీ, ఆ పేరంటే అతనికి లోపల్లోపల బోలెడంత గర్వం.

ఇంట్లోనూ అదే వరస. కుళాయి కారితే దారం చుట్టేస్తాడు. ఫ్యాను కిర్రుమంటే అట్టముక్క దోపేస్తాడు. గీజరు స్విచ్చి చెడిపోతే దాని వైరు తీసుకెళ్ళి బాల్కనీ లైటు స్విచ్చికి కలిపేస్తాడు. కలిపినట్టు ఎవరికీ చెప్పడు. ఎవరికీ అంటే చెల్లెలికే, ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే కనుక. "ఈ కొంపలో ఏ స్విచ్చి నొక్కితే ఏది వెలుగుతుందో నీకు తప్ప దేవుడిక్కూడా తెలీదన్నయ్యా," అని ఆమె తల కొట్టుకునేది. "పనిచేస్తోందా లేదా?" అనేవాడు అతను. పనిచేస్తూనే ఉండేది, అదే వచ్చిన చిక్కు.

చెల్లెలికి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం పూట, డయాలసిస్ సెంటర్లో మెషీన్ పక్కన కుర్చీలో పడుకుని రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది. అలాంటి సెంటర్లకు సాఫ్ట్‌వేర్ నడిపే కంపెనీలోనే అన్నయ్య ఉద్యోగం. ఎవరికి ఏ పూట ఏ మెషీన్, వచ్చేటప్పటికి బరువెంత, ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, కిందటిసారి బీపీ ఎక్కడ పడిపోయింది, అన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉంటాయి. ఆ వివరం తెర మీద కనపడనిదే ఏ నర్సూ సూది ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. అందుకే డేటాబేస్ దగ్గితే హస్తవాసికి జ్వరం వచ్చేది.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి ఆపరేటర్ వచ్చింది. వచ్చింది అనడమెందుకంటే, ఆపరేటర్ మనిషి కాదు, ప్రోగ్రాము. ఇదివరకు ఒకే పెద్ద సర్వర్లో కాపురమున్న డేటాబేస్‌ను కంపెనీవాళ్ళు మూడు కంటైనర్లలోకి, అంటే ఎప్పుడంటే అప్పుడు ఆపి లేపగలిగే మూడు చిన్న అరల్లాంటి వాటిలోకి, మార్చారు. ఒకటి అసలుది, రెండు దాని నకళ్ళు. అసలుది పడిపోతే ఒక నకలు లేచి పెత్తనం తీసుకుంటుంది. ఈ మూడింటికీ కాపలా ఆపరేటర్. ఒక్కోదానికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఏ వెర్షన్ ఉండాలో ఒక ఫైల్లో రాసిపెడితే, అది రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంటుంది. ఫైల్లో ఉన్నట్టు బయట లేకపోతే, ఉన్నట్టు చేసేస్తుంది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడగదు. మొహమాటమనేది దానికి అసలే లేదు.

మేనేజరమ్మకి అదంటే ప్రాణం. ఆమె వయసులో అతనికంటే చిన్నది, హోదాలో పెద్దది. "ఇకమీదట మీరు చేత్తో ఏదీ మార్చొద్దండీ. ఏం కావాలన్నా ఫైల్లో రాయండి. నేను చూసి సరే అంటాను. మిగతాది ఆపరేటరే చూసుకుంటుంది," అని చెప్పింది. హస్తవాసికి ఒళ్ళు మండిపోయింది. వంటవాణ్ణి పిలిపించి, గరిటె ముట్టుకోకుండా వంట చెయ్యమన్నట్టుంది అని క్యాంటీన్లో అందరిముందూ విసుక్కున్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆపరేటర్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

డేటాబేస్ పాత వెర్షన్‌కు కాలం చెల్లడంతో అప్‌గ్రేడ్‌కి ఒకరోజు పెట్టుకున్నారు. ఉదయం పూట పేషెంట్లు లేచి వెళ్ళాక, మధ్యాహ్నం వాళ్ళు కూర్చునేలోపు ఉన్న ఖాళీలో పని ముగించాలి. సెంటర్ల యజమానులు కూడా వచ్చారు. ఈ అప్‌గ్రేడ్ దానంతటదే ఎలా జరిగిపోతుందో చూపించడానికి మేనేజరమ్మ వాళ్ళను అద్దాల గదిలో పెద్ద తెర ముందు కూర్చోబెట్టింది.

హస్తవాసి ఫైల్లో వెర్షన్ నంబరు మార్చాడు. మేనేజరమ్మ లోపల్నించే సరే అంది. ఆపరేటర్ కదల్లేదు. చూస్తే దానిమీద "ఆగి ఉండు" అన్న గుర్తు పెట్టి ఉంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆలోచించకుండా ఆ గుర్తు తీసి పారేశాడు. అది తీస్తేనే కదా బండి కదిలేది!

ఆపరేటర్ లేచింది. ముందు ఒక నకలును ఆపి, కొత్త వెర్షన్‌తో లేపింది. తరవాత రెండోదాన్ని. ఆపైన పెత్తనం ఒక నకలుకు అప్పగించి, అసలుదాన్ని కూడా మార్చేసింది. మూడు దీపాలూ పచ్చగా వెలిగాయి. అద్దాల గదిలో చప్పట్లు వినిపించాయి. నిజం చెప్పాలంటే హస్తవాసికి కొంచెం నిరాశగానే అనిపించింది. ఒక్కచోటన్నా అది తడబడితే బాగుండుననుకున్నాడు. చేతులు కడుక్కొచ్చి, టిఫిన్ డబ్బా మూత తీశాడు.

అప్పుడు చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, తిన్నావా?"

"తింటున్నా. నిన్ను కూర్చోబెట్టారా?"

"ఎక్కడ కూర్చోబెట్టడం! మా ఎవ్వరి పేర్లూ రావట్లేదంట. తెర మీద ఏదో గుండ్రంగా తిరుగుతోంది. అందర్నీ బయట బెంచీల మీద కూర్చోమన్నారు."

హస్తవాసి తెర వైపు తిరిగాడు. పచ్చ దీపాల్లో ఒకటి ఎర్రగా ఉంది. సెంటర్లన్నీ మధ్యాహ్నం జాబితాలు ఒక్కసారిగా తెరిచేసరికి, పెత్తనం చేస్తున్న కంటైనర్ మెమరీ చాలక చచ్చిపోయింది. నకలు లేచి పెత్తనం తీసుకుంది. అదీ చచ్చింది. మూడోది లేచేలోపు మొదటిది మళ్ళీ పుట్టి మళ్ళీ చచ్చింది.

మెమరీ చాలకపోతే పెంచాలి, అంతేగా. టకటకా పెద్ద అంకె కొట్టి మెమరీ పెంచాడు. కంటైనర్ లేచింది. ఊపిరి పీల్చుకునేలోపే ఆపరేటర్ వచ్చి, ఫైల్లో ఉన్న చిన్న అంకె మళ్ళీ పెట్టి, దాన్ని ఆపి లేపింది. లేచింది కాస్తా మళ్ళీ పడింది. మళ్ళీ పెంచాడు. అది మళ్ళీ తగ్గించింది. "నీ తలకాయ్! కళ్ళు కనపడ్డంలేదా, చచ్చిపోతోంది కదే!" అని అరిచాడు. పక్క బల్లలవాళ్ళు తలెత్తి చూశారు. అతను చూసుకోలేదు. ఇన్నేళ్ళలో ఏ యంత్రమూ అతని మాట ఇలా తీసిపారేయలేదు. పంతం పట్టుకుంది. అది తగ్గించడం, ఇతను పెంచడం, ఎంతసేపు జరిగిందో అతనికే తెలియదు. డబ్బాలో అన్నం ఎండిపోయింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి చెల్లెలి గొంతులో ఆయాసం ఉంది. ఒంట్లో చేరిన నీరు అలాగే ఉంటే కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి బరువెక్కుతుంది. అది ఇద్దరికీ తెలుసు.

"పర్లేదులే అన్నయ్యా, కాస్త ఆయాసమంతే. అది మీ ఆఫీసుదేనట కదా? ఏమైందట?"

"ఆపరేటర్‌తో చస్తున్నానమ్మా. నేనొకటి చేస్తే అదొకటి చేస్తోంది."

"నెమ్మదిగా చెప్పి చూడకూడదా పాపం, మనిషే కదా?"

"మనిషే అయ్యుంటే ఎప్పుడో కాళ్ళు పట్టుకునేవాణ్ణి!" అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టేసరికి మేనేజరమ్మ ఎదురుగా నిలబడి ఉంది. అద్దం వెనక యజమానులు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

"మీరేమైనా చెయ్యి పెట్టారా?" అని అడిగింది.

"నేనా? నేనేమీ ముట్టుకోలేదండీ. ఇదంతా మీ ఆపరేటర్ నిర్వాకం."

ఆమె అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది. హస్తవాసి పళ్ళు నూరుకుంటూ మళ్ళీ అదే పెద్ద అంకె కొట్టబోయాడు. వేళ్ళు సగంలో ఆగిపోయాయి. ఫైల్లో ఉన్నది చిన్న అంకె. మరి తను ఇందాకటినుంచి లెక్క వేయకుండా, ఆలోచించకుండా కొడుతున్న ఈ పెద్ద అంకె ఎక్కణ్ణించి వచ్చింది? వేళ్ళకెలా తెలుసు?

కిందటి ఎండాకాలం సంగతి. కొత్త సెంటర్లు చేరి, తెరలు నత్తల్లా కదులుతుంటే చెల్లెలు విసుక్కుంది. ఆ రోజే అతను మెమరీ పెంచాడు, చేత్తో. ఆపరేటర్ అడ్డుపడుతుందని దాని మీద "ఆగి ఉండు" అన్న గుర్తు పెట్టాడు. ఫైల్లో తరవాత రాద్దాంలే అనుకున్నాడు. తెరలు చురుగ్గా కదిలాయి. ఎవరో "హస్తవాసి గారా మజాకా" అన్నారు. ఆ మాట విని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇవాళ ఆ గుర్తు తీసింది తనే. ఆపరేటర్ చేసిందల్లా, దాని చేతికిచ్చిన ఫైల్లో ఉన్నది ఉన్నట్టు పెట్టడం.

ఇంతసేపూ ఆపరేటర్ మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తిరిగి తనమీదే పడింది. ఇప్పుడు కూడా ఆ గుర్తు మళ్ళీ పెట్టేసి, చేత్తో పెంచేయొచ్చు. ఎవరికీ తెలియదు. చెయ్యి ఆ వైపు వెళ్ళింది కూడా. కానీ మళ్ళీ అప్‌గ్రేడ్ వస్తుంది, మళ్ళీ ఎవరో ఆ గుర్తు తీస్తారు, అప్పుడు తను ఉంటాడో ఉండడో. చెల్లెలు మాత్రం అదే బెంచీ మీద ఉంటుంది.

ఫైలు తెరిచాడు. అంకె మార్చాడు. కింద "కారణం" అని అడిగే చోట ఎప్పుడూ "అవసరం" అని ఒక్క ముక్క రాసి పంపేవాడు. ఈసారి ఇలా రాశాడు: "ఇది కిందటి ఎండాకాలం నేనే చేత్తో పెంచాను. ఫైల్లో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ పడిపోయింది అందుకే." పంపించి, అద్దాల గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆ వాక్యాలు అప్పటికే యజమానులందరి ముందూ పెద్ద తెర మీద ఉన్నాయి. మేనేజరమ్మ చదివింది. అతని మొహం చూసింది. "సరే," అని నొక్కింది.

ఆపరేటర్ అలగలేదు, దెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరితో కుస్తీ పట్టిందో గుర్తే లేనట్టు, కొత్త అంకె తీసుకుని ఒక్కొక్క కంటైనర్‌నే లేపుకుంటూ వచ్చింది. దీపాలు పచ్చబడ్డాయి, ఈసారి అలాగే ఉన్నాయి. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

సాయంత్రం సెంటర్ దగ్గరికి వెళ్ళేసరికి చెల్లెలు బయటే నిలబడి ఉంది. ఎడమచేతికి ఎప్పుడూ ఉండే చిన్న పట్టీ బదులు మోచేతిదాకా కట్టు ఉంది. కట్టు పైన చర్మం నల్లగా కమిలిపోయింది.

"ఏమైందే?"

"ఆలస్యమైందిగా, డ్యూటీలు మారిపోయాయి. ఎప్పుడూ నాకు సూది పెట్టే ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ హస్తవాసి మంచిది, గుచ్చినట్టే తెలీదు. ఇవాళొచ్చినావిడకి నరం దొరక్క మళ్ళీ మళ్ళీ గుచ్చింది." కారెక్కి, చెయ్యి ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకుంది. "పూర్తిగా కూడా చెయ్యలేదు, మా వెనక వాళ్ళున్నారుగా. ఎల్లుండిదాకా నీళ్ళు కొలుచుకుని తాగమన్నారు. మీ ఆఫీసులో ఎవడో తలమాసినవాడు ఏదో కెలికాడట. దొరికాడా?"

"దొరికాడు. నేనే."

ఆమె అతని వైపు తిరిగింది. అతను రోడ్డునే చూస్తూ, ఎండాకాలం నాటి సంగతి మొత్తం చెప్పాడు.

"మా తెరలు త్వరగా రావాలనే చేశావు కదా?" అంది.

"ఆఁ."

"మంచికే చేశావు. మరి చెప్పడానికేం?"

అతను కారు ఇంటి వైపు తిప్పాడు.

లోపలికి రాగానే ఆమె మొహం కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు పెట్టుకుందామని వెళ్ళింది. స్విచ్చిబోర్డు ముందు కుడిచెయ్యి ఎత్తి, దేని మీదా పెట్టకుండా అలాగే నిలబడిపోయింది.

"గీజరుది నిన్న బాల్కనీ స్విచ్చికి కలిపానమ్మా," అన్నాడు వెనకనించి.

ఆమె ఆ స్విచ్చి నొక్కింది. గీజరు మీద ఎర్రదీపం వెలిగింది.

"నాకు చెప్పనివి ఇంకా ఉన్నాయా అన్నయ్యా?"

"ఉన్నాయి," అన్నాడు. ఆమె పక్కకి వచ్చి నిలబడి, ఒక్కో స్విచ్చి మీదా వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.