మంచులో లెక్కపెట్టిన తాటిచెట్లు

నా చిన్నప్పుడు నాకు ఓడ ఎక్కాలని ఉండేది. మల్కాపురంలో మా వీధి చివర నిలబడితే రేవులోని ఓడల పొగగొట్టాలు కనిపించేవి కాని, గేటు దాటి లోపలికి వెళ్లే వీలు పిల్లలకు లేదు. మా పక్కింటి బాబాయి మాత్రం రోజూ వెళ్లేవారు. ఆయన రేవులో టాలీ గుమస్తా. ఓడలోంచి దిగే బస్తాలను లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం.

డెబ్బయ్యవ దశకం చివర, మార్గశిర మాసంలో ఒక ఆదివారం ఉదయం, ఆయన నన్నూ, ఎదురింటి స్నేహితురాలినీ, ఆమె తమ్ముళ్లిద్దరినీ యారాడ కొండ మీదికి నడిపించుకుని వెళ్లారు. నాకూ, నా స్నేహితురాలికీ అప్పుడు పదకొండేళ్లు. కొండ మొదట్లో ఆయన మా ఇద్దరికీ చెరొక అట్టముక్క, పెన్సిలు ఇచ్చి ఒక పందెం పెట్టారు. రేవులో ఓడ మీద ఒక గుమస్తా, ఒడ్డున ఒక గుమస్తా ఒకే సరుకును విడివిడిగా లెక్కపెడతారట. చివరికి రెండు కాగితాలూ సరిపోవాలట. అలాగే, కాలిబాటకు ఎడమ పక్కనున్న తాటిచెట్లను కొండ నెత్తి వరకు మేమిద్దరం లెక్కపెట్టాలి. ఆమె ముందు, నేను చివర, ఆయన మధ్యలో. ఒకరి అట్ట ఒకరు చూడకూడదు. లెక్కలు కలిస్తే, అనుమతి తీసుకుని ఇద్దరికీ ఓడ చూపిస్తారు. కలవకపోతే ఇద్దరికీ లేదు.

"నీ వల్ల గాని పోయిందనుకో, జన్మలో నీతో మాటాడను సూడు," అని నా స్నేహితురాలు ముందే హెచ్చరించింది.

చలి వేళ్లను కొరుకుతోంది. దట్టంగా పట్టిన మంచులోంచి తాటిచెట్లు దగ్గరికి వెళితే తప్ప కనిపించడం లేదు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, అలా అయిదు చొప్పున గీసుకుంటూ, ఒక నల్లబండ దగ్గరికి వచ్చేసరికి అరవై నాలుగు లెక్కపెట్టాను. అక్కడ ఎదురుగా ఒక మేకల మంద దిగివచ్చింది. వాటిని తప్పించుకుంటూ, వెనకబడతానన్న భయంతో పరుగెత్తి మిగతావారిని ఒక మలుపు దగ్గర కలుసుకున్నాను. ఆ నడుమ ఎన్ని చెట్లు దాటానో నాకు తెలియదు. అట్ట మీద ఒక సున్న చుట్టి, పక్కన 'బండ నుంచి మలుపు దాకా' అని రాసి, మలుపు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మరో ముప్పై తొమ్మిది వచ్చాయి.

నెత్తికి చేరేసరికి మంచు విచ్చుకుంది. ఒక వైపు రేవు, చమురు కర్మాగారం గొట్టాలు. మరొక వైపు ఒక్క పడవైనా లేని సముద్రం. తమ్ముళ్లిద్దరూ కేకలు వేస్తూ గెంతారు. నేను మాత్రం మధ్యలో లెక్క పోయిందని నా స్నేహితురాలి చెవిలో చెప్పాను. వినగానే ఆమె నన్ను పక్కకు లాగింది.

"నాది నూట పన్నెండు. నువ్వూ అదే అనీసి ఊరుకో."

"నాకు రాలేదే అన్ని."

"ఏటే, మతి గాని పోయిందా? నీకు ఓడ వద్దేటి?"

ఓడ కావాలి. అంతవరకు నేను అంతగా కోరుకున్నది మరొకటి లేదు. అయినా, సున్న ఉన్న ఆ అట్టనే బాబాయి చేతిలో పెట్టి, మధ్యలో లెక్క పోయిందని చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా.

ఆయన రెండు అట్టలనూ చాలాసేపు చూశారు. తరువాత నవ్వారు.

"ఓలమ్మ, ఏడుత్తావేటి? పోయిన కాడ పోయిందని రాసినావు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో కూడా రాసినావు. ఇంత మంచులో రెండు కాయితాలూ మచ్చ లేకుండా సరిపోయుంటే, ఎవుళ్లది సూసి ఎవుళ్లు రాసినారని అడిగీవోడిని. పదండి, ఆ ముక్క ఒక్కటీ దిగీటప్పుడు లెక్కెడదాం."

దిగేటప్పుడు ఎండ వచ్చింది. మలుపు నుంచి నల్లబండ దాకా అయిదుగురమూ గొంతెత్తి లెక్కపెట్టాము. తొమ్మిది. అరవై నాలుగు, తొమ్మిది, ముప్పై తొమ్మిది, బండ మీద కూర్చుని మూడుసార్లు కూడాను. మూడుసార్లూ నూట పన్నెండే వచ్చింది.

"నాను సెప్పలేదా!" అని నా స్నేహితురాలు అరిచింది. ఆమె లెక్క సరైనదేనని రుజువు చేసింది నా సున్న అని ఆమెకు తట్టినట్టు లేదు. నాకు తట్టింది. ఆ కొండ మిగతా భాగం నేను నడవలేదు. చేయీ చేయీ పట్టుకుని ఇద్దరం పరుగెత్తుకుంటూ దిగాము. పదమూడు రోజుల తరువాత ఓడ నిచ్చెన ఎక్కాము. ఇరవై ఆరు మెట్లు.

నా దినచర్య పుస్తకాలలో నేటికీ అక్కడక్కడ సున్నలు ఉన్నాయి. గుర్తులేని రోజును ఊహతో నింపను. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తెలియదో రాసి వదిలేస్తాను. మొత్తం చక్కగా కుదిరిందని అందరూ తృప్తిగా లేవబోయే సమావేశాలలో, ఇక్కడ నాకు తెలియదు అని చెప్పవలసి వచ్చినప్పుడు, యాభై దాటినా ఆ అట్టను మళ్లీ బాబాయి చేతిలో పెడుతున్నట్టే ఉంటుంది. అయినా చెబుతాను.