గంటక్క చేసిన సవరణ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, టీచరు ట్రైనింగు పాసైన సర్టిఫికెట్టు, ఊళ్ళో అందరికంటే గుండ్రటి చేతిరాత. ఈ మూడూ ఉన్న ఆడపిల్లకి ఇంకేం తెలియాలి? నవల రాయడం ఎలాగో కూడా అలాగే తెలిసిపోయింది. కావలి నుంచి మా ఊరికొచ్చే ఒకే ఒక్క వారపత్రిక పది ఇళ్ళు తిరిగి, అట్ట ఊడి, ఎవరింట్లోనో పొట్లాలు కట్టడానికి నాలుగు పేజీలు సమర్పించుకుని మా పిన్నమ్మ ఇంటికి చేరేది. అందుకే నేను చదివిన సీరియళ్ళకి మధ్యభాగం ఉండేది కాదు. మొదట్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే ప్రవేశిస్తారు, చివర్లో ఎవరో ఒకరు పోతారు, మిగిలినవాళ్ళు ఏడుస్తారు. మధ్యలో ఏం జరుగుతుందనేది రచయితలకి కూడా పెద్ద పట్టింపు ఉండదని నేను తేల్చేశాను. (కొన్ని నవలలు చదివినప్పుడు ఆ అభిప్రాయం పూర్తిగా తప్పు కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.) ఆ పత్రికే నవలల పోటీ ప్రకటించింది. రెండు నెలలు గడువు. బహుమతి నాదేనని నాకు అనుమానం లేదు. సన్మానానికి పిలిస్తే మూడు రోజులు సెలవు కావాలని మా హెడ్మాస్టరుగారికి ముందే చెప్పి ఉంచాను. ఆయన పాపం అర్జీ రాసివ్వమన్నారు.

మా ఊరు బోగోలు పక్కన, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల. నేను పిన్నమ్మ ఇంట్లో ఉండి, చర్చికి ఎదురుగా ఉన్న ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేదాన్ని. గుండ్రటి చేతిరాత పుణ్యమా అని మా చర్చి స్త్రీల సమాజానికి నన్ను సెక్రటరీని చేశారు. నెలకోసారి గురువారం మధ్యాహ్నం సమావేశం. హాజరు పిలిస్తే అందరిలా ‘వచ్చాను’ అనకూడదు, ఒక్కొక్కరూ ఒక బైబిలు వాక్యం కంఠతా చెప్పాలి, అదీ మా ఆచారం. ఆ తర్వాత సెక్రటరీ పోయిన నెల నివేదిక చదవాలి. చదివాక అధ్యక్షురాలు పాస్టరమ్మగారు “సవరణలేమైనా ఉండాయా?” అని అడగాలి. ఎవరో ఒకరు ప్రతిపాదించి, ఇంకొకరు బలపరిస్తేగానీ నివేదిక ఆమోదం పొందదు. ఇంత పద్ధతిగా జరిగే సభ మా తాలూకాలో ఇంకొకటి లేదని పాస్టరమ్మగారి నమ్మకం. సమావేశానికి పిలుపు గంట. గంటంటే వేపకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని ఇనపకడ్డీతో కొట్టే మనిషి గంటక్క. ఉప్పు మడుల్లో పనిచేసేది. అందరికంటే ముందొచ్చి, ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టి, గుమ్మం పక్కన కూర్చునేది. చదువు రాదు. హాజరు పిలిస్తే ఎప్పుడూ ఒకటే వాక్యం చెప్పేది, వాక్యాలన్నిటిలోకీ చిన్నది, మూడు మాటలది. ఆమె గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ ఉంటుందని నాకప్పుడు తోచలేదు.

నివేదికలు రాయడానికి సమాజంవాళ్ళు నాకొక లావుపాటి బౌండు పుస్తకం ఇచ్చారు. అంత మంచి కాగితం నేను అంతకుముందు చూసి ఎరగను. ముందువైపు నుంచి నివేదికలు రాస్తూ, పుస్తకాన్ని తిరగేసి వెనకవైపు నుంచి నవల మొదలుపెట్టాను. (దొంగతనం కాదు, మదుపు అనుకున్నాను. నవల అచ్చయితే సమాజానికి ఎంత పేరు!) రెండు వైపులా ఒకే రకం గోధుమరంగు అట్ట వేసింది కూడా నేనే. ఇరవై పేజీల మొదటి అధ్యాయం నిండా ఆడవాళ్ళ ప్రవేశాలే. వాళ్ళని ఎక్కడ ప్రవేశపెట్టాలా అని ఆలోచిస్తే, ఒక్కొక్కరూ లేచి నిలబడే చోటు నాకొకటే తెలుసు, మా హాజరు పిలుపు. మనుషుల కోసం కూడా దూరం వెళ్ళలేదు. పాస్టరమ్మగారిని కమలాదేవి చేశాను. సమాజంలో పాటలు ఎత్తుకునే పాటల పెద్దమ్మని విమల చేశాను. కాంపౌండరుగారి భార్య, మేమంతా కాంపౌండరత్త అనే ఆవిడ, నిర్మల అయింది. మా పిన్నమ్మ శ్యామల అయింది. పేరు మారిస్తే మనిషి మారిపోయినట్టేనని నా ధీమా.

ఆ గురువారం పొద్దున్నే నాకు దవడ పన్ను సలపడం మొదలైంది. సమావేశానికి వెళ్ళేసరికి బుగ్గ బూరెలా పొంగింది. కాంపౌండరత్త చూసి ఊరుకుంటుందా? అప్పటికప్పుడు లవంగనూనెలో దూది ముంచి పంటికింద కుక్కి, “గంటసేపు నోరు తెరవబాక. తెరిచినావంటే నా పూచీ లేదు” అని హెచ్చరించింది. మరి నివేదిక ఎవరు చదవాలి? “నేను చదువుతాలే, దాందేముంది” అని ఆవిడే నా ఒళ్ళోంచి పుస్తకం లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, వెనకవైపు అట్ట తెరిచింది.

“‘సంధ్యారాగరంజితమైన ఆ సాయంకాలాన స్త్రీల సమాజం సమావేశమయింది’” అని మొదలుపెట్టింది. అయిపోయాను అనుకున్నాను. సభలో ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన నెలకంటే సెక్రటరీ భాష బాగుపడిందని పాస్టరమ్మగారు మెచ్చుకోలుగా తల ఊపారు కూడా. నేను చేతులు ఊపాను. “నొప్పి ఎక్కువయినట్టుండాది పాపం” అంది పాటల పెద్దమ్మ. నేను లేవబోయాను. పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, వీపు నిమరడం మొదలుపెట్టింది. నేను మూలిగాను. వీపు ఇంకాస్త గట్టిగా నిమిరింది.

కాంపౌండరత్త చదువు మందుచీటీ చదువు. ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, అర్థంతో సంబంధం లేకుండా చదువుకుపోతుంది. “‘కమలాదేవి ప్రార్థన మొదలుపెడితే పొయ్యిమీద ఎసరు ఇగిరిపోవలసిందే. ఆ ప్రార్థనలో ఆమె ఒక కన్ను దేవుడికి, ఒక కన్ను వాకిలికి కేటాయిస్తుంది.’” పాస్టరమ్మగారి తల ఊపడం ఆగింది. “‘విమల ఎవరి గొంతుకీ అందనంత పైన పాట ఎత్తుకుంటే మొదటి చరణానికి సగంమంది, రెండో చరణానికి మిగతా సగంమంది ఆగిపోతారు. మూడో చరణం ఆమె ఒక్కతే పాడుకుంటుంది.’” పాటల పెద్దమ్మ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. (నాకు తెలిసి ఆవిడ జీవితంలో అదొక్కసారే.) “‘నిర్మల ఎదుటివారి కుశలం అడగదు, కడుపు సంగతి అడుగుతుంది. ఆమె దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జబ్బులు, విరేచనం కావడం, కాకపోవడం.’” ఇక్కడ కాంపౌండరత్త ఆగింది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని అదే వాక్యం మొదటికంటే గట్టిగా మరొకసారి చదివింది. నా వైపు చూడకుండానే పేజీ తిప్పింది. “‘శ్యామల ఏ కబురైనా ‘నాకేం తెలుసమ్మా’ అని మొదలుపెట్టి, మూడు వీధుల సంగతులూ చెప్పి, ‘నాకెందుకులే’ అని ముగిస్తుంది.’” నా వీపుమీద చెయ్యి ఆగిపోయింది.

చదవడం అయిపోయింది. సమాజంలోంచి వెళ్ళగొడతారు, పుస్తకం పొయ్యిలో పెడతారు, పిన్నమ్మ ఇంట్లో ఇక నాకు చోటుండదు అని వరసగా అనుకుంటూ కూర్చున్నాను. నిజంగా భయపడ్డాను. ఇంతలో పాస్టరమ్మగారు, ఇరవై ఏళ్ళ అలవాటు కాబోలు, తనకి తెలియకుండానే అడిగేశారు. “సవరణలేమైనా ఉండాయా?”

“ఉండాయి” అని లేచింది పాటల పెద్దమ్మ. “గొప్పకి పైన ఎత్తుకుంటానా నేను? కిందనుంచి ఎత్తుకుంటే ఈళ్ళంతా నిద్రపోతారు. ఆ మాట కూడా రాయమను.” కాంపౌండరత్త పుస్తకంలో వేలు పెట్టుకునే, “జ్వరాలు కూడా చూస్తా నేను. రెండే జబ్బులని ఎట్టా రాస్తాది?” అంది. పాస్టరమ్మగారు వాకిలి వైపు చెయ్యి చూపించారు. “నేను రెండు కళ్ళూ మూసుకుంటే కుక్క చెప్పులెత్తుకుపోయేది ఎవురు చూస్తారు? కన్ను ఉండనీ, కారణం చేర్చమ్మా” అన్నారు. అందరూ మా పిన్నమ్మ వైపు తిరిగారు. పిన్నమ్మ తల వంచుకుని, “నాకేం తెలుసమ్మా...” అని మొదలుపెట్టింది. అంతే, చర్చి దద్దరిల్లేలా నవ్వారు. పిన్నమ్మ కూడా నవ్వింది, కానీ నా చెయ్యి గిల్లి మరీ నవ్వింది.

గండం గడిచిందనుకుంటుండగా గుమ్మం పక్కనుంచి గంటక్క లేచింది. హాజరు వాక్యం తప్ప సభలో ఆమె లేచి మాట్లాడటం అదే మొదలు.

“అందరిదీ వచ్చింది. నాది రాలేదు. పేజీ చినిగిపోయిందా?” అంది.

కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే పేజీ చినిగిందేమోనని అడుగుతోంది. తన వంతు కోసం అంతసేపూ ఎదురుచూసిందని అప్పుడర్థమైంది. అందరూ నన్నే చూస్తున్నారు. దూది ఉమ్మేసి, “నీది రెండో అధ్యాయంలో ఉందక్కా” అన్నాను. పచ్చి అబద్ధం. అయినా ఎంత ధీమాగా చెప్పానంటే ఒక క్షణం నేనే నమ్మాను. “అయితే వచ్చే నెల సదవండి” అని ఆమె కూర్చుంది. అది నివేదిక కాదు, పోటీకి రాస్తున్న నవల అని నా చేత ఒప్పించి పాస్టరమ్మగారు తీర్మానం చేసేశారు. పుస్తకం సమాజానిది, కాబట్టి అందులో రాసిందీ సమాజానిదే. రెండో అధ్యాయం చదివి, ఆమోదం అయ్యాకే నవల పోటీకి వెళ్ళాలి. లెక్క చూసుకుంటే ఆ తర్వాత గడువు పది రోజులుంటుంది. “సమాజం మాట కాదని పంపినావంటే నా గడప తొక్కబాక” అని ఇంటికెళ్ళే దారిలో పిన్నమ్మ చెప్పింది.

శనివారం మధ్యాహ్నం ఉప్పు మడులకి వెళ్ళాను. గంటక్క పొడుగాటి కర్రకి బిగించిన పలకతో ఉప్పు దగ్గరికి లాగుతోంది. మోకాళ్ళదాకా తెల్లటి పొర. నేను గట్టుమీద కూర్చుని చూస్తుంటే, “రాసేదానికి నాలో ఏమన్నా దొరుకుతాదా అని సూస్తుండావా?” అంది. నిజమే కాబట్టి మాట మార్చాను. గడియారం లేకుండా సరిగ్గా మూడింటికి గంట ఎలా కొడతావని అడిగాను. “నా నీడ ఆ గట్టు దాటినాక నడిస్తే, ఊడ్చి చాపలు పరిచేసరికి మూడవతాది” అంది. ఎప్పుడూ ఆ మూడు మాటల వాక్యమే ఎందుకని అడిగాను. “మీ అందరియ్యీ ఇనాల గదా. నాది పొడుగైతే నేను చెప్పుకునేదానికే సరిపోతాది” అంది. ఆ తర్వాత నా వాక్యం, పిన్నమ్మ వాక్యం, పాస్టరమ్మగారి వాక్యం, ఆర్నెల్లనాటివి కూడా పొల్లుపోకుండా వరసగా అప్పజెప్పింది. నివేదిక రాసే నాకే అవి గుర్తులేవు. నాకు తెలియని విషయం ఒకటుందని మొదటిసారి తెలిసిన చోటు ఆ గట్టు. సిగ్గేసింది.

సిగ్గుపడ్డాను గానీ బుద్ధి రాలేదు. రెండో అధ్యాయంలో గంటక్కని ఘనంగా ప్రవేశపెట్టి, నీడా, మడీ, వాక్యాలూ అన్నీ బాగానే రాసి, చివర్లో నవల అన్నాక ఎవరో ఒకరు పోవాలి కదా, తుఫాను తెప్పించాను. ఊరిని మేల్కొల్పడానికి గంటక్క గంట కొడుతూ, కొడుతూ, ఇనపకడ్డీ చేతిలో ఉండగానే ఒరిగిపోయింది. దాంతో నవల సమాప్తం. తర్వాతి సమావేశంలో నేనే చదివాను. పాటల పెద్దమ్మ బావురుమంది. పాస్టరమ్మగారు రెండు కళ్ళూ మూసుకున్నారు. “సకాలంలో నాడి చూసుంటే బతికుండేది” అంది కాంపౌండరత్త ముక్కు చీదుతూ. బహుమతి చేతిలో పడినట్టే అనిపించింది.

“సవరణలేమైనా...” అన్నారు పాస్టరమ్మగారు కళ్ళు తెరిచి.

గంటక్క లేచింది. “శానా బాగా రాసినావమ్మా. అంతా నేనే. కానీ నన్ను సంపబాక” అంది.

“అది కథక్కా. చివర్లో ఎవరో ఒకరు పోవాలి” అన్నాను.

“ఎందుకు పోవాల? నేను పోతే వచ్చే నెల గంట ఎవురు కొడతారు? గంట లేకపోతే ఈళ్ళంతా ఎట్టా వస్తారు? ఈళ్ళు రాకపోతే నువ్వు రాసేదేముంది?”

చావు తీసేస్తే నవలకి ముగింపు లేదు. పది రోజుల్లో ఇంకో ముగింపు పుట్టించడం నా వల్ల కాదు. పుట్టించినా దానికి ఆమోదం మళ్ళీ వచ్చే నెల సమావేశంలోనే. నా బహుమతి ఒక పక్క, గంటక్క ప్రాణం ఒక పక్క. “నేను ప్రతిపాదిస్తుండా” అంది గంటక్క తనే. “నేను బలపరస్తుండా” అంది మా పిన్నమ్మ, నాకేం తెలుసమ్మా అనకుండా మొట్టమొదటిసారి. అందరూ చెయ్యెత్తారు. తుఫాను మొత్తం నా చేత్తోనే కొట్టేశాను. గడువు దాటిపోయింది. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చిన మాట నిజం. హెడ్మాస్టరుగారు మాత్రం నా సెలవు అర్జీని భద్రంగా తిరిగి ఇచ్చారు.

నవల ఆగలేదు. నెలకో అధ్యాయం, నెలనెలా సవరణలు, నాకు పెళ్ళయి నెల్లూరు వెళ్ళేదాకా సాగింది. ముందువైపు నివేదికలూ వెనకవైపు నవలా పెరిగి పెరిగి మధ్యలో కలుసుకున్నాయి. పాస్టరుగారికి బదిలీ అయినప్పుడు పాస్టరమ్మగారు ఆ పుస్తకాన్ని నాకు పంపించారు. కొన్నేళ్ళకి గంటక్క పోయిందని పిన్నమ్మ ఉత్తరం రాసింది. నిద్రలోనే పోయిందట, తుఫానూ గిఫానూ ఏమీ లేదట. ఆ రోజు పుస్తకం తీసి ఇప్పుడైనా చివరి అధ్యాయం రాద్దామని కూర్చున్నాను. అడ్డంగా గీతలు కొట్టిన ఆ పేజీ దగ్గర, కింద నా గుండ్రటి చేతిరాతలో, ‘గంటక్క చావు తీసివేయడమైనది. సవరణ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని, దాని కింద పాస్టరమ్మగారి సంతకం. కలం మూత పెట్టేశాను.

ఆ నవల ఎందుకు పూర్తి చెయ్యలేదని ఇంట్లో పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. అన్నీ తెలిసిన ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయయితే ఎంత జవాబు చెప్పేదో. నేను మాత్రం నవ్వేసి, “సమాజం ఒప్పుకోలేదర్రా” అంటాను.