బొగ్గుబాయి మేస్త్రమ్మ

శుక్రవారం సాయంత్రం నాయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి చెప్పాడు.

"మేస్త్రమ్మ పోయిందట బిడ్డా. జరమొచ్చిందట. దవాఖానకు తీస్కపొయ్యేలోపే..."

మట్టి కూడా ఇచ్చేశారట. నేను చదువుతున్న పేజీని చివరిదాకా చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక్క మాటా లోపలికి పోలేదు. అమ్మ స్టవ్ మీది పప్పు దించి, ఉడకలేదని మళ్లీ ఎక్కించింది. ఎవరమూ ఏడవలేదు. ఎక్కువసేపు ఒకే వైపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, నాకు ఒళ్లంతా అలాగే ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా అంతే.

ఆమె ఎవరో చెప్పాలి. మా నాయన ఆబిడ్స్‌లో ఒక బొగ్గు గనుల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. బాయిలోంచి పైకొచ్చిన బొగ్గు కదిలే బెల్టు మీద పోతుంటే, ఇరువైపులా ఆడవాళ్లు నిలబడి అందులోని రాళ్లను ఏరి పారేస్తారు. వాళ్లంతా ఆ చుట్టుపక్కల అడవిలోని కోయ పల్లెలవాళ్లు. వాళ్ల మీద మేస్త్రీగా ఎప్పుడూ బయటి నుంచి వచ్చిన మగవాడే ఉండేవాడు. వాళ్లలోంచే ఒక ఆడమనిషి మేస్త్రీ కావడం ఈమెతోనే మొదలైంది. అందుకే మా నాయన ఆమెను మేస్త్రమ్మ అనేవాడు. మాకూ అదే పేరయింది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మొదటిసారి ఆఫీసులో మీటింగు కోసం పట్నం వచ్చింది. ఒంటరి ఆడమనిషికి నాంపల్లి స్టేషన్ ముందరి లాడ్జీలవాళ్లు గది లేదన్నారు. నాయన మా ఇంటికి తీసుకొచ్చాడు.

"చెప్పకుండ మనిషిని తెస్తే ఏం వండాలె?" అని అమ్మ వంటింట్లో మెల్లగానే అంది. వసారాలోంచి జవాబొచ్చింది.

"ఏం ఫికర్ చెయ్యకక్కా. బియ్యం చాట గిటియ్యి. నా చేతులకు గూడ పనుంటది."

ఆమె వేళ్లు బియ్యంలో పరుగెత్తుతుంటే అమ్మ నవ్వేసింది. "ఏంది, మీ బాయి కాడ రాళ్లయిపోయినయా, మా ఇంట్ల రాళ్లకొచ్చినవు?"

"మీ దుకాణపాయన మా కంపెనీ కంటె మంచోడక్కా. జర చిన్న రాళ్లు కలుపుతుండు."

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా మా ఇంట్లోనే దిగేది. తాగిన గ్లాసును తానే కడిగి బోర్లించేది. నేను పైకి చదువుకుంటుంటే పక్కన కూర్చుని, అర్థం కాకపోయినా తలూపేది. "నీ నోట్ల మాటలు మంచిగ మోగుతయి బిడ్డా" అనేది.

ఆ మొదటి మీటింగులోనే పొరపాటు జరిగింది. రాళ్లు ఏరడానికి యంత్రం తెస్తున్నామని, ఆడవాళ్ల పని ఇక ఉండదని పెద్ద ఆఫీసరు చెప్పి, "మీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అని అడిగాడట. మేస్త్రమ్మ ఏమీ అనలేదు. నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆ సాయంత్రం నాయన కంగారుగా ఇంటికొచ్చాడు.

"నువ్వు ఒప్పుకున్నవని రాసుకున్నరు గదమ్మా!"

"నేనెప్పుడు ఒప్పుకున్న? నోరే తెరవలే."

"గదే. తెరవలేదు గాబట్టే ఒప్పుకున్నట్టు."

"మా గుంపుల ఏదన్న తేల్చాలంటె అందరం గుండ్రంగ కూసుంటమన్నా. అందరికన్న చిన్నదాన్ని ముందుగాల అడుగుతం. గట్ల వరసగ పోయి ఆఖరికి నేను. వాళ్లనడగకుండ అవునని గాని కాదని గాని నేనెట్ల చెప్త?"

"గా మాటన్న చెప్పకపోయినవా అక్కడ?"

"అందరు గట్లనే చేస్తరనుకున్న" అంది.

మళ్లీ మీటింగు పెట్టించడానికి నాయన నెలల తరబడి ఫైళ్ల వెంట తిరిగాడు. ఆ మీటింగు కోసం నేను ఒక ఉపన్యాసం రాసిపెట్టాను. అప్పటికి కోఠిలో కాలేజీలో చేరి, కొత్త మాట కనిపిస్తే చాలు, ఎక్కడో ఒకచోట వాడాలని తహతహలాడుతున్నాను. 'అరణ్య పుత్రికలమైన మేము' అని మొదలుపెట్టి చదివి వినిపిస్తే ఆమె ఓపిగ్గా అంతా విన్నది.

"మస్తున్నది బిడ్డా. గీ మాటలు మావాళ్లల్ల ఎవరన్నరు?"

"ఎవరూ అనలే. నేనే రాసిన."

"అట్లయితే నువ్వే పోయి చదువు. బెల్టు కాడ నీకు ఉద్యోగమిస్తరు."

ఈసారి ఆమె ఒంటరిగా రాలేదు. మా ఇంటి వసారా నిండా ఆడవాళ్లు దిగారు. మరునాడు మధ్యాహ్నం నాయనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆబిడ్స్ వెళ్లేసరికి, వాళ్లంతా ఆఫీసు వరండాలో గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ప్యూను లేవమంటున్నాడు. ఒక్కరూ లేవడం లేదు. చివరికి ఆఫీసరే బయటికొచ్చాడు.

"ఇంతమందేమిటి? ఎవరో ఒకరు మాట్లాడండి. నాయకురాలు మీరే కదమ్మా?"

"నేనే సార్. గందుకే ఆఖరికి మాట్లాడత. జర ఆగుండ్రి."

అందరికన్నా చిన్నది, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి, నేల చూస్తూ అంది: "మిషను రానియ్యి. దాన్ని నడిపేది గూడ మనుషులే గద. గా మనుషులం మేమెందుకు కావొద్దు? మాకు నేర్పుండ్రి."

పక్కనున్న ముసలామె మోచేత్తో పొడిచింది. "ఏందే, కరెంటు పట్టుకుంటవా? మాడి బొగ్గయితవు!"

"బొగ్గయితె మంచిదే అవ్వా. ఏరి పారెయ్యరు."

వరండా అంతా నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు, కానీ లోపలికీ పోలేదు. వరస తిరిగి మేస్త్రమ్మ దాకా వచ్చింది. తన వంతు వచ్చినప్పుడు మిషను వద్దే వద్దంటానని ఆమె పొద్దున మా అమ్మతో అని బయల్దేరింది. ఇప్పుడు ఆ అమ్మాయి వైపు చెయ్యి చూపించింది.

"రాసుకోండ్రి సార్. గీ పిల్లన్నదే నా మాట."

అది పెద్ద గెలుపేమీ కాదు. యంత్రం వచ్చింది. చాలామందికి పని పోయింది. కొందరికే స్విచ్చుల దగ్గర పని నేర్పారు. వాళ్లలో ఆ అమ్మాయి ఉంది. మిగిలినవాళ్లకూ నేర్పాలని అడగడానికి మేస్త్రమ్మ ఏటేటా ఆబిడ్స్‌కు వస్తూనే ఉంది. ఒకసారి నాతో అంది: "ముందుగాల నేను మాట్లాడి ఉంటె, గా పిల్ల నోట్ల మాట నోట్లనే ఉండిపోతుండె." నా పుస్తకాల్లో నాయకత్వం గురించి చాలా ఉంది. నాకు గుర్తుండేది ఇదొక్కటే.

ఈ సోమవారం ఆ ఆడవాళ్లు కొందరు మళ్లీ వచ్చారు. కొత్త మేస్త్రీ పేరు వారంలోగా చెప్పాలని, లేకపోతే బయటి నుంచి ఒక మగమనిషిని వేస్తామని ఆఫీసులో చెప్పారట. అమ్మ వండి పెట్టింది. తిన్నారు. గ్లాసులు కడిగారు.

మర్నాడు మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌కు సాగనంపుతూ, "ఆ పేరు ఇక్కడనే చెప్పి పోవచ్చు గద?" అన్నాను.

"బెల్టు కాడ ఉన్నోళ్లనడగొద్దా చెల్లే?" అంది ఒకామె. "ఇక్కడికొచ్చినోళ్ల మాటయితె రైల్ల తేలుస్తం."

రైలు పెట్టెలో బల్లలు ఖాళీగానే ఉన్నాయి. వాళ్లు నేల మీదే కూర్చున్నారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అందరికన్నా చిన్నది, ఈసారే కొత్తగా వచ్చిన ఒక సన్నటి పిల్ల, కొంగు వేలికి చుట్టుకుంటూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడే ఇంజను కూత వేసింది. బండి కదిలింది. ఆ పిల్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి. మిగతా తలలన్నీ ఆమె వైపు వంగి ఉన్నాయి.