తీగ మీది దోమతెర

పోయిన నెల ఒక పొద్దున భద్రాచలం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, పెదనాన్న నిద్రలోనే పోయాడని చెప్పింది. ఆయన అక్కడి డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. నేను ఆయనింట్లో ఉండే చదువుకున్నాను. ఎవరింటికి పోయినా ముందు పెరట్లోకి నడిచి ఆకులు తిరగేసేవాడు. పిచ్చి అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పిచ్చి లేని ఇల్లు తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

పర్ణశాల దాటాక అడవిలో, ఒక వాగు పక్కన తీగ మీద, ఆయనకు వడ్లగింజలో సగం లేని పురుగు దొరికింది. వరిని పీల్చే సుడిదోమకు దూరపు చుట్టమట. పుస్తకాల్లో ఎక్కడా లేదు. అయితే అది ఆడది. మగదాన్ని కూడా పరీక్షించి చూస్తేగానీ కొత్త జాతి అని రాయడానికి లేదట. మళ్లీ వెళ్లబోతే దారి మూసుకుపోయింది. అడవిలో అటూ తుపాకులే, ఇటూ తుపాకులే. పొద్దుగూకే వేళ తెల్లగుడ్డ కట్టి, పురుగుల కోసం దీపం పెట్టే మనిషిని ఎవరు నమ్ముతారు? అక్కడి ఊరివాళ్లే దండం పెట్టి రావద్దన్నారు.

ఇక మిగిలింది, పురుగుతోపాటు తెచ్చి కుండీలో నాటిన ఆ తీగ ముక్క. కాడలో గుడ్లు పెట్టి ఉంటుందని ఆయన ఆశ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దోమతెర తెచ్చి దాని మీద కప్పాడు. పురుగుకు తెర, మాకు దోమలు అని పెద్దమ్మ వాడంతా చెప్పుకుంది. చలిజ్వరం కూడా ఆమెకే వచ్చింది. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఆయన కుండీ వైపు చూసేవాడు.

కొన్నాళ్లకు పిల్లలు బయటపడ్డాయి, తోకకు దూదిపోగుల్లాంటి మైనంతో. ఒక్కొక్కటే చచ్చిపోతుంటే ఆయనకు అన్నం సహించేది కాదు. చివరికి ఒక్కటి రెక్కలు తొడిగింది. మగది. పురుగుల్ని చంపే ఈథర్ సీసా ఒళ్లో పెట్టుకుని పొద్దంతా దాని ముందే కూర్చున్నాడు. వదిలెయ్ పెదనాన్నా అని బతిమాలాను.

"ఏడికి పోతది బిడ్డా? దాని వాగు కాడికి నేనే పోలేకపోతున్న. గీ తెర ఇప్పితే ఊర్ల పడి చస్తది. పేరు గూడ ఉండదు."

చంపాడు. చేతులు కడుక్కొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. దాని ముఖం మీది గీతలు, రెక్కల ఈనెలు, పసుపు చారలు, అన్నీ గీసి, రాసి, ఆ వాగు పేరే దానికి పెట్టాడు.

"దాని పేర్ల వాగుంటే, దారి తెరిచినంక ఎవరన్న ఎతుక్కుంట పోతరు," అన్నాడు.

ఆయన రాసింది అచ్చయింది. ఆయన మాత్రం మళ్లీ ఆ వాగు చూడలేదు. సాయంత్రాలు కుండీ పక్కనే గడిపేవాడు. ఇంకేమైనా పుడుతుందేమోనని తెర తీయనిచ్చేవాడు కాదు.

దినం అయ్యాక పెద్దమ్మ వెనక వసారాలోకి వెళ్లి ఆ తెర విప్పింది. తీగ పైకి పెరిగి, తెర కప్పుకు తగిలి, దారిలేక మళ్లీ కిందికి వంగి మట్టిలోకి వచ్చేసి ఉంది. పెద్దమ్మ దాని కొసను చేత్తో పైకెత్తి కాసేపు పట్టుకుంది. వదలగానే అది మళ్లీ కిందికే వంగింది.