అట్టతో చేసిన ఎయిర్ ఫ్రయ్యర్

మా బాబాయి ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు అట్టతో రావాలి. బీరువా అయినా, బల్ల అయినా, బట్టలుతికే మిషను అయినా సరే. అదే పొడవు, అదే వెడల్పు, అదే ఎత్తున అట్టతో ఒకటి తయారుచేస్తాడు. అసలుది ఎక్కడ పెట్టాలనుకుంటే సరిగ్గా అక్కడే దాన్ని పెట్టి, నెలా రెండు నెలలు దాంతో కాపురం చేసి, ఆ తర్వాతే దుకాణానికి బయల్దేరతాడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నమూనాలు కోసే ఉద్యోగం కాబట్టి ఆయనకి అట్టకి కరువు లేదు, కొలతలకి అంతకన్నా లేదు. జేబులో పెన్ను లేని రోజు ఉందేమోగాని కొలత టేపు లేని రోజు నేను చూడలేదు.

ఇదేం అలవాటని అడిగితే ఒకటే మాట అనేవాడు. "వస్తువు ఇంటికి సరిపోతే చాలదమ్మాయ్. ఇల్లు దానికి అలవాటు పడాలి." ఈ మాట నాకు ఇరవై ఏళ్లు అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి ఇరవై ఏళ్లూ నవ్వాను.

వాళ్ల మొదటి ఫ్రిజ్జు మూడు నెలలపాటు అట్టదే. దానికి తెరుచుకునే తలుపుంది, లోపల అరలున్నాయి, తలుపు లోపలివైపు సీసాల గూడు కూడా ఉంది. పిన్ని దాన్ని రోజుకి పదిసార్లు తెరిచి మూయాలని బాబాయి షరతు. ఎలాగూ తెరుస్తున్నాను కదా అని ఆవిడ అందులో మంచినీళ్ల సీసాలు పెట్టేది. నేను సెలవులకి వెళ్లినప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం పక్కింటి లెక్కల మాస్టారు చెమటలు కక్కుతూ వచ్చారు. వస్తూనే చొరవగా ఫ్రిజ్జు తెరిచి, సీసా ఎత్తి గటగటా తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది తల్లీ. పళ్లు జివ్వుమన్నాయనుకో" అన్నారు. పిన్ని గబుక్కున అటు తిరిగి, తుడిచిన స్టవ్వునే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. బాబాయి మాత్రం ముఖంలో రవ్వంత నవ్వు లేకుండా, "తలుపు బరువుగా ఉందా మాస్టారూ?" అని అడిగాడు. కొంచెం తేలిగ్గానే ఉందనీ, కొత్త కంపెనీ అయ్యుంటుందనీ మాస్టారు అభిప్రాయపడ్డారు. ఆ వేసవంతా చల్లటి నీళ్లకి ఆయన మా పిన్ని దగ్గరికే వచ్చారు.

సోఫా సంగతి ఎత్తితే మా నాన్నకి ఇప్పటికీ కోపమే. తమ్ముడి ఇంటికి ఏడాది తర్వాత వెళ్లి, హాల్లో కొత్త సోఫా చూసి ముచ్చటపడి, రెండు చేతులూ చాచి దర్జాగా కూలబడ్డాడు. కూలబడడమంటే నిజంగానే కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుపోయి అట్టల్లోంచి బిత్తరచూపులు చూస్తుంటే బాబాయి పరుగెత్తుకొచ్చి లేవదీశాడు. "చూసుకోవద్దా అన్నయ్యా? అది వచ్చే నెల సోఫా" అన్నాడు.

ఇలాంటి మనిషితో పిన్ని ఎలా వేగుతోందని మేమంతా జాలిపడేవాళ్లం. ఆవిడ మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. ఏదైనా అంటే నవ్వేది. పిన్ని ముందుపన్ను చివర చిన్న ముక్క విరిగి ఉంటుంది. నవ్వినప్పుడు ఆ సందు కనబడితే ఆవిడ చిన్నపిల్లలా ఉంటుంది. ఎవరెన్ని అన్నా పల్లెత్తు మాట అనని బాబాయికి కూడా ఒకే ఒక్కసారి కోపం రావడం చూశాను. వంటిల్లు సర్దుతానని ఉప్పు డబ్బా, పంచదార డబ్బా పక్క అరలోకి మార్చాను. ఆయన వాటిని తీసి, టేపు పెట్టి మరీ కొలిచి పాత చోట పెట్టాడు. "ఈ ఇంట్లో దేన్నీ కదపొద్దు" అని నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. అట్టల పిచ్చికి డబ్బాల పిచ్చి తోడైందనుకున్నాను.

ఈమధ్య పిన్ని మణికట్టు మీద మరిగే నూనె పడింది. నేను ఉద్యోగానికని అదే ఊరికి వచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడే భోజనం. నాకోసం ఆవిడ బంగాళదుంపల్ని సన్నగా పొడుగ్గా తరిగి నూనెలో వేయించేది. కాలిన పుండు మానింది గానీ మూకుడు మళ్లీ పొయ్యెక్కలేదు. వేపుళ్లు మానేద్దాంలేవే, వయసొస్తోంది అంది. తర్వాతి వారం పోపు పెట్టడం మానేసింది. ఆ పై వారం నేను వెళ్లేసరికి భోజనం బయటి నుంచి డబ్బాల్లో వచ్చింది. పిన్ని వంటింటికి వీపు పెట్టి హాల్లో కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బాబాయి పళ్లెంలో కెలుకుతూ కూర్చున్నాడు.

నా ఉద్యోగం ఇంటి సామాన్లు అమ్మే షాపులో. మిక్సీల పక్కన ఎయిర్ ఫ్రయ్యర్ల కౌంటరు నాదే. ఇంతకాలం ఇది తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుని, రోజూ వచ్చేపోయేవాళ్లకి చెప్పే పాఠం బాబాయికి ఒప్పజెప్పాను. మరిగే నూనె ఉండదు, చిందడం ఉండదు, బుట్టలో ముక్కలు వేసి, ఒక చెంచా నూనె రాసి లోపలికి తోస్తే వేడిగాలి తిరిగి అదే వేగుతుంది, అయిపోగానే అదే మోగి ఆగిపోతుంది. బాబాయి అంతా విని చూద్దామన్నాడు. చూద్దామంటే ఏమిటో నాకు తెలియనిదా? మరుసటి ఆదివారానికి వంటగట్టు మీద అట్ట ఎయిర్ ఫ్రయ్యర్ వెలిసింది. ముందుకి లాగితే బుట్ట బయటికొస్తుంది. పైన తిప్పే బొత్తాలు రెండు. వాటి చుట్టూ చిన్నచిన్న పూసలు అంటించి ఉన్నాయి. వయసు మీదపడ్డాక బాబాయికి అలంకారాల మీదికి మనసు పోయిందనుకున్నాను.

మధ్యలో ఒక రోజు ఆయన మా షాపుకే వచ్చేశాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. కరెంటు ఎంత కాలుతుంది, గ్యారంటీ ఎన్నేళ్లు, రుచి నూనెలో వేయించినట్టే ఉంటుందా. బాబాయి ఇవేవీ అడగలేదు. బుట్ట లాగితే ఎన్ని అంగుళాలు బయటికి వస్తుంది, వేడిగాలి ఏ పక్క నుంచి పోతుంది, పొరపాటున పైన చెయ్యి తగిలితే కాలుతుందా, అయిపోయాక మోగే మోత పక్క గదిలోకి వినబడుతుందా అని అడిగాడు. వేలితో తాకితే పనిచేసే అద్దం పలక ఉన్న కొత్త రకాన్ని చూపిస్తే దాన్ని పక్కకి నెట్టేశాడు. మూలన దుమ్ము పట్టి ఉన్న పాత రకం ముందు నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, బొత్తాన్ని టిక్కు టిక్కుమని తిప్పుతూ పోయాడు. ఒక పది నిమిషాలు అలాగే. షాపులో వాళ్లంతా చుట్టూ మూగారు.

"మీ బాబాయిగారు కళ్లు మూసుకుని కొనే రకం కాబోలు" అన్నాడు మా మేనేజరు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

నాలుగు వారాలు గడిచాయి. అట్ట ఫ్రయ్యరు గట్టు మీద మూడు చోట్లు మారింది. భోజనం బయటి నుంచే వస్తోంది. ఈయనతో లాభం లేదు, పిన్ని జన్మలో మళ్లీ స్టవ్వు ముట్టుకోదు అనిపించి నాకు ఒళ్లు మండింది. అద్దం పలక ఉన్న కొత్త రకమే, షాపులో అన్నిటికన్నా మంచిది, నేనే కొనేసి ఆదివారం పొద్దున్నే మోసుకెళ్లాను. బాబాయి కూరగాయలకి వెళ్లాడు. పిన్ని మేడ మీద బట్టలు ఆరేస్తోంది. అట్ట ఫ్రయ్యరుని అటక మీదికి విసిరేశాను. స్టవ్వు పక్కన డబ్బాల్ని అవతలికి జరిపి, ఆ చోట దీన్ని పెట్టి, ప్లగ్గు పెట్టి, పిన్ని మొహం వెలిగిపోవడం చూద్దామని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పిన్ని వచ్చింది. "వచ్చావా, కాఫీ పెడతానుండు" అంటూ స్టవ్వు వెలిగించింది. ఆ మాత్రం పని ఇంకా చేస్తోంది. పంచదార కోసం చెయ్యి చాపింది. చెయ్యి వెళ్లి అద్దం పలకకి తగిలింది. మిషను కుయ్యిమని, బుస్సుమని తిరగడం మొదలుపెట్టింది. పిన్ని ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది.

"ఏంటే ఇది? ఎక్కడుంది?"

ఎక్కడుంది అని అడిగింది. కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీద పడుతోంది. ఆవిడ చెయ్యి గాల్లో పంచదార డబ్బా కోసం వెతుకుతోంది. డబ్బా దానికి జానెడు దూరంలో, కుడిపక్కనే ఉంది. చెయ్యి దాన్ని దాటి వెళ్లింది, మళ్లీ దాటి వచ్చింది.

బాబాయి గుమ్మంలో సంచీ వదిలేసి వచ్చాడు. ముందు స్టవ్వు ఆపి, ప్లగ్గు తీసేశాడు. తర్వాత పిన్ని చెయ్యి పట్టుకుని గట్టు అంచు మీద పెట్టాడు. "ఇదిగో గట్టు. ఇది స్టవ్వు. ఇక్కడొక కొత్త మిషనుంది, తీసేస్తున్నాను" అన్నాడు. దాన్ని తీసేసి, డబ్బాల్ని పాత చోటికి జరిపాడు. పిన్ని చెయ్యి ఉప్పు మీద పడింది, పంచదార మీద పడింది, అప్పుడు ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

ఆ తర్వాత చెప్పాడు. పిన్ని చూపు పక్కల నుంచి కొద్దికొద్దిగా మూసుకుపోతోందట. పెళ్లయిన ఏడాదే బయటపడిందట. మందు లేదన్నారట. ఇప్పుడు ఎదురుగా చిన్న కిటికీ అంత మిగిలింది. ఆ కిటికీలోంచి మనిషి మొహం కనిపిస్తుంది, ఆ పక్కనే ఉన్న మూకుడు కనిపించదు.

"పెళ్లయిన కొత్తలో నేనూ నీలాగే చెప్పకుండా ఒక బల్ల కొనుక్కొచ్చాను. సంబరపడుతుందని గుమ్మం పక్కనే పెట్టాను. ఆ పన్ను దానికి తగిలి విరిగిందే" అన్నాడు బాబాయి. "అప్పట్నుంచీ ముందు అట్టతో పెడుతున్నాను. అట్టకి తగిలితే అట్టే వంగుతుంది."

మాకెవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. బదులు పిన్ని చెప్పింది.

"చెబితే అందరూ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తారే. నాకు నడవడం వచ్చు."

"నన్ను పిచ్చివాణ్ణనుకుంటే నాకేం తగ్గింది?" అన్నాడు బాబాయి. "అందరూ నా అట్టల్ని చూస్తూ కూర్చుంటారు. మీ పిన్ని జోలికి రారు."

ఈ సంగతి రాయడానికి పిన్ని మొన్నమొన్ననే ఒప్పుకుంది. పక్కింటి మాస్టారు చదవరు కదా అని మాత్రం అడిగింది. ఆయన లెక్కలు తప్ప ఏమీ చదవరని ధైర్యం చెప్పాను.

ఆ ఆదివారం మర్నాడే మిషను తిరిగిచ్చి, మూలనున్న పాత రకం కావాలన్నాను. మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. మంచిది ఇచ్చేసి ఆ డొక్కుది తీసుకుంటావా అన్నాడు. నేను దాని ముందు నిలబడి కళ్లు మూసుకున్నాను. బొత్తాం పట్టుకుని తిప్పాను. టిక్కు. టిక్కు. ప్రతి టిక్కూ వేలికి విడిగా తెలుస్తోంది. ఎప్పుడు మూగారోగాని చుట్టూ గుసగుసలు వినిపించాయి.

"మీ బాబాయి పిచ్చి నీకూ అంటుకుందా ఏంటి?" అన్నాడు మేనేజరు.

"అంటుకుంది సార్" అన్నాను, కళ్లు తెరవకుండానే.

అప్పట్నుంచీ ఎయిర్ ఫ్రయ్యర్ కొనడం దండగా కాదా అని ఎవరడిగినా నేను పాత పాఠం చెప్పడం లేదు. ఇంట్లో ఎవరు వాడతారండీ అని ముందు అడుగుతున్నాను. అడిగి, కొందరిని వద్దని పంపించేస్తున్నాను కూడా. మేనేజరుకి నా మీద కొంచెం కోపంగా ఉంది.

అసలుది అట్టదాని చోటే కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. పూసలు కూడా అవే, అక్కడి నుంచి ఊడదీసి ఇక్కడ అంటించాడు. ఆదివారం పిన్ని బంగాళదుంపలు తరిగింది. బుట్ట లాగింది, తోసింది, పూసలు లెక్కపెట్టి బొత్తాలు తిప్పింది. నెల రోజులు అట్ట బొత్తాలు తిప్పిన చెయ్యి కాబట్టి ఒక్కసారి కూడా తడుముకోలేదు. మిషను గణగణ మోగేసరికి వాసనకి పక్కింటి మాస్టారు కూడా దిగారు. ఆయన చెయ్యి కడుక్కుని, ఓ ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలారు.

"ఏమనుకోకు తల్లీ" అన్నారు చివరికి. "అట్ట నమిలినట్టుంది."

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని బాబాయి వైపు తిరిగింది. బాబాయి ఒక ముక్క తీసుకుని, వెలుతురుకి ఎత్తి పట్టి, రెండు వేళ్ల మధ్య నొక్కి చూశాడు.

"ఎంత మందం అట్ట మాస్టారూ?" అని అడిగాడు.

పిన్ని పడీ పడీ నవ్వింది. విరిగిన పన్ను కనబడేలా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూనే పళ్లెం అందుకుని లేచింది. "ఉండండి, ఇంకో రెండు పూసలు ఎక్కువ తిప్పుతాను" అంటూ వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ చెయ్యి తిన్నగా వెళ్లి బొత్తాం మీద వాలింది.