ఎన్నేండ్ల బండి

షామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు తిరిగితే, తొంభైల్లో రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలుండేవి. పరమేష్ ఆ తోటల్లో ఒకదాంట్లో ట్రాక్టర్ డ్రైవరు. ఆయన భార్య వినోద అదే తోటలో కాయలు పలచన చేసే కూలికి పోయేది. గుత్తి ఒత్తుగా ఉంటే మధ్య కాయలు కత్తెరతో తీసెయ్యాలి, అప్పుడే మిగిలినవి లావెక్కుతాయి. పొద్దంతా చేతులు పైకెత్తి చేసే పని. మధ్యాహ్నానికి అందరి భుజాలూ పడిపోయేవి. వినోద మాత్రం పనీ ఆపేది కాదు, మాటా ఆపేది కాదు. పరమేష్‌ది దానికి సరిగ్గా తిరగేసిన స్వభావం. నాలుగు మాటలడిగితే ఒక మాట చెప్పే మనిషి.

రెండు వేల సంవత్సరం వచ్చేసరికి తోటలు ఒక్కొక్కటే పోయాయి. పందిళ్లను నిలబెట్టిన రాతి కడీలు పీకేసి, ఆ నేలలోనే ప్లాట్లకు సున్నం పూసిన హద్దురాళ్లు పాతారు. కడీలు పీకి లాగింది పరమేష్ ట్రాక్టరే. ఆ ఎండాకాలమే వినోద కాళ్లు వాచాయి. పని లేక కూర్చున్నందుకు నీరు పట్టిందనుకుంది. తర్వాత మొహం ఉబ్బింది, అన్నం సయించలేదు. మేడ్చల్ డాక్టరు పరీక్షలు చూసి సికింద్రాబాద్ పంపించాడు. అక్కడ రెండు కిడ్నీలూ పాడయ్యాయని, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకోవాలని చెప్పారు. ఎవరైనా ఒక కిడ్నీ ఇద్దామంటే, ఆమె అక్కకు షుగరు. తమ్ముడి రక్తం కలవలేదు. పరమేష్‌ది కూడా కలవలేదు.

అప్పటినుంచి బస్సు ప్రయాణాలు. పోయేటప్పుడు ఎట్లాగో పోయేది, వచ్చేటప్పుడే నరకం. మిషను మీద నుంచి లేచాక బీపీ పడిపోయేది, పిక్కలు కొయ్యబారినట్టు పట్టేసేవి. కాళ్లు చాపుకుంటే తప్ప వదిలేవి కావు. నిలబడటానికే చోటు లేని బస్సులో కాళ్లు చాపుకునేదెక్కడ?

ఒక మధ్యాహ్నం అల్వాల్ దగ్గర బస్సులోనే కూలబడింది. పరమేష్ ఆమెను ఎత్తుకుని దిగి, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద పడుకోబెట్టాడు. పక్క హోటలాయన పరుగున చెంబెడు నీళ్లు తెచ్చాడు. వినోద చెంబు అందుకోబోతే పరమేష్ పట్టుకుని ఆపాడు. గొంతు తడుపుకునేంత తప్ప నీళ్లు తాగొద్దని డాక్టర్ల మాట.

"మనిషి పడిపోతాంటే నీళ్లొద్దంటవేందయ్యా?" అన్నాడు హోటలాయన.

పరమేష్ ఒక్క గుక్క తాగించి చెంబు తిరిగి ఇచ్చాడు. ఊళ్లో పరమేష్ వాళ్లకు ఎకరం చెలక నేల ఉండేది. ప్లాట్ల వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ వారంలోనే మాట ఇచ్చేశాడు. ఆ డబ్బులోనే బండి కొనాలి, ఆ డబ్బుతోనే దవాఖాన నడవాలి.

మేడ్చల్‌లో హైవే పక్కన వీరభద్రం అనే మెకానిక్కు షెడ్డు ఉంది. తోట ట్రాక్టరు రిపేరుకు అక్కడికే పోయేది కాబట్టి పరమేష్‌కు పాత పరిచయం. బండి కావాలనగానే వీరభద్రం చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఐదేండ్ల మారుతి ఒకటుంది, బ్యాంకు సారుది. పైసలెక్కువ. గని కొన్నంక శాన ఏండ్లు నా మొకం జూడక్కర్లే. పదేండ్లదైతే సగానికొస్తది, ఏడాదికోపారి ఖర్చు జూపిస్తది. పదిహేను దాటినయ్ మస్తు అగ్గువ. అయితే నెలనెలా నా దగ్గరికి రావుడే. కాయితాలు గూడ మళ్ల జేయించాలె."

"నువ్వైతే ఏది కొంటవ్?"

"నాదేముంది పరమేషూ. ఎన్నేండ్లు నడుపుతవో నువ్వు జెప్పు. దాన్నిబట్టి ఉంటది."

బండి కొనే ప్రతివాణ్నీ వీరభద్రం ఇదే అడుగుతాడు. బండి దేనికో పరమేష్ అతనికి చెప్పలేదు. షెడ్డు ముందు లారీలు పోతున్నాయి.

"పదేండ్లు," అన్నాడు పరమేష్ చివరికి.

ఇంట్లో వినోద ఒప్పుకోలేదు. గోడకు దిండు పెట్టుకుని కూర్చుని, ఆయాసపడుతూనే వాదించింది.

"ఐదేండ్ల బండి ఏం జేసుకుంటం? పాతది జూడు. మిగిలినయి దవఖానకైతయి, పిల్ల సదువుకైతయి. మనకేమన్న పదేండ్లు గావాల్నా అది?"

"కావాలె."

"ఎందుకు?"

"నాకు గావాలె," అన్నాడు పరమేష్. కూతురు తేజస్వి అప్పుడు పదో తరగతి. పుస్తకం ముందేసుకుని వాళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయింది. వినోద భర్త మొహం చూసి, ఇక ఆ మాట ఎత్తలేదు.

తెల్ల మారుతి ఇంటికొచ్చింది. మంచి బండే, ఒక్కరోజు కూడా మొరాయించలేదు. కాని వెనక సీటు ఇరుకు. పడుకోవాలంటే వినోద మోకాళ్లు కడుపులోకి ముడుచుకోవాలి, ముడిస్తే ఊపిరాడదు. ముందు కూర్చుంటే కాళ్లు కిందికి వేలాడి పిక్కలు పట్టేసేవి. అల్వాల్ దాటకముందే పళ్లు బిగబట్టేది. పరమేష్ బండాపి, పక్కకు దిగి ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దేవాడు. పోయేవాళ్లు తిరిగి చూసేవాళ్లు.

డబ్బు అనుకున్నదానికంటే జల్దీ కరిగింది. "ఈ వారం ఒక్కపారి సాలు. ఒళ్లు మంచిగనే ఉంది," అని వినోద తనే అనడం మొదలుపెట్టింది. నమ్మాలని ఉంది కాబట్టి పరమేష్ నమ్మాడు. చలికాలం వచ్చేసరికి ఆమె పడుకుంటే ఊపిరి అందక, కూర్చునే తెల్లారబెట్టేది. దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరినీ నిలబెట్టి కోప్పడింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఇట్లా మానేస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పింది.

ఆ రోజు తిరిగొస్తుంటే హకీంపేట దగ్గర వినోద బండి ఆపమంది. కాళ్ల కోసమేమో అనుకుని పరమేష్ దిగబోయాడు.

"దిగకు. కూసో," అంది. "డాక్టరమ్మ చెప్పింది ఇన్నవు గద. గీ బండికి ఇంక పదేండ్ల ఆయుసుంది. నువ్వు కొన్నది దాని ఆయుసు. నాది గాదు."

"అట్లనకు."

"అనకపోతే ఏమైతది? తక్కువైతదా?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "దీన్ని అమ్మెయ్యి. ఒక ముసలి బండి జూడు. నేనున్నన్ని దినాలు నడిస్తే సాలు."

పరమేష్ బండి స్టార్ట్ చేశాడు. తూంకుంట దగ్గర, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె చావుకు తనే ఒప్పుకున్నట్టు అనిపించింది. ఇంటికొచ్చాక తేజస్వి కంచం పెడితే ముట్టకుండా బయటికి పోయాడు.

ఈసారి వీరభద్రం ఏమీ అడగలేదు. మారుతికి మంచి బేరం కుదిర్చి, అల్వాల్‌లో జానకిరామయ్య గారి అంబాసిడర్ సంగతి చెప్పాడు. జానకిరామయ్య కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. కళ్లు మసకబారి బండి తీయడం మానేశాడు.

"ముసలిదే బాబూ, అబద్ధం చెప్పను. పదిహేడేళ్లు నిండాయి," అన్నాడాయన. "పొద్దున పూట మొండికేస్తుంది. కాస్త బతిమాలాలి."

ఆయన చెప్తుండగానే వినోద వెనక తలుపు తెరిచి, ఎవరినీ అడగకుండా లోపల పడుకుంది. వాకిట్లో నిలబడ్డ జానకిరామయ్య భార్య కామేశ్వరి కంగారుపడి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంటూ లోపలికెళ్లి దిండు తెచ్చింది. వినోద దిండు మీద తల పెట్టి, అవతలి తలుపు దాకా కాళ్లు చాపింది. కొంచెం ముడుచుకోవాల్సి వచ్చినా, పిక్కలు సాగాయి. కళ్లు మూసుకుంది.

"ముందుగాల్నే ఇది కొనాల్సుండె," అంది.

ఆమె దెప్పాలని అనలేదు. అయినా ఆ మాట పరమేష్ మనసులోంచి పోలేదు. ఆమె ఎక్కువ కాలం బతకాలని మొక్కుకున్నట్టు కొన్న బండిలో ఆమెను ఇన్ని నెలలు ముడిచి కూర్చోబెట్టాడు. దిండు తిరిగివ్వబోతే కామేశ్వరి వద్దంది.

మారుతి డబ్బులో మిగిలినదానితో మళ్లీ వారానికి రెండుసార్లు దవాఖానకు పోయారు. వినోదకు ఊపిరి కొంచెం కుదుటపడింది. ముందు సీటు ఖాళీగా ఉంటోందని, అదే వార్డుకొచ్చే తూంకుంట అమ్మాజీని కూడా ఎక్కించుకునేవాళ్లు. ఆమె బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ డాక్టర్లు తినొద్దన్నవన్నీ చెప్పుకునేవాళ్లు. మామిడిపండు, టమాట పులుసు, కొబ్బరి నీళ్లు. వినోద ద్రాక్షపండ్ల సంగతి చెప్తే అమ్మాజీ, "ఆపు తల్లీ, నోరూరుతాంది," అనేది.

అంబాసిడర్ జానకిరామయ్య చెప్పినంతా చేసింది. ఒక వానలో క్లచ్ పోయి హకీంపేట మైదానం పక్కన ఆగిపోయింది. వీరభద్రం స్కూటరు మీద వచ్చేదాకా పరమేష్ తడుస్తూ నిలబడ్డాడు, ఉక్రోషం పట్టలేక టైరును కాలితో తన్నాడు.

"దాన్నెందుకు తంతవ్?" అంది వినోద లోపలినుంచి. "పాపం, దాని వయసుకు అది నడుస్తనే ఉంది గద."

అట్లా రెండేండ్లు దాటింది. రెండువేల మూడు ఎండాకాలంలో, దవాఖానకు పోవాల్సిన ఒక పొద్దున, పరమేష్ బండి స్టార్ట్ చేయడానికి బయటికొచ్చాడు. ఆ రోజు అది మామూలు కంటే ఎక్కువ మొండికేసింది. బానెట్ ఎత్తాడు, దించాడు, మళ్లీ తాళం తిప్పాడు. చివరికి అందుకుంది. ఆగిపోతుందేమోనని ఇంజన్ అట్లాగే ఉంచి లోపలికి పోయాడు. వినోద చీర మార్చుకుని, గోడకానుకుని కూర్చుని ఉంది. పిలిచాడు. భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు ఒరిగింది.

బయట ఇంజన్ మోగుతూనే ఉంది. ఇంట్లోకి జనం వచ్చారు, ఏడుపులు మొదలయ్యాయి. ఎవరికీ దాని సంగతి తోచలేదు. చాలాసేపటికి తేజస్వి లేచి వెళ్లి తాళం తీసేసింది.

గుండె ఆగిందని, ఆ కాసేపు ఆలస్యం వల్ల కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. పరమేష్ తలూపాడు. నమ్మాడో లేదో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున అమ్మాజీ తూంకుంట రోడ్డు మీద బండి కోసం ఎంతోసేపు చూసి, బస్సెక్కి పోయింది. సంగతి ఆమెకు దవాఖానలో తెలిసింది. దినాలయ్యాక పరమేష్ వెళ్లి ఆమె ముందు బండి ఆపాడు. ఆమె ముందు సీట్లోనే కూర్చుంది. వెనక సీటు వైపు ఇద్దరూ చూడలేదు. సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు, "నీకెందుకన్నా గీ తిప్పలు?" అంది. "ఆ దారిలనే పని ఉంది," అన్నాడు పరమేష్. ఏ పనీ లేదు. మరుసటి ఏడు వానల్లో ఆమె కూడా పోయేదాకా అట్లాగే తీసుకుపోయి తీసుకొచ్చాడు.

ఆ తర్వాత బండిని ఎవరూ కొనలేదు. తుక్కు కింద తూకానికి పోయింది. పరమేష్ ఇప్పుడు దుండిగల్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతున్నాడు. తేజస్వి మేడ్చల్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పొద్దుగూకాక ఇద్దరూ కలిసి తింటారు. తల్లి మాట వస్తే తేజస్వి మాట్లాడుతుంది, ఆయన కంచంలోకి చూస్తూ వింటాడు.